కాగితంలో లేని మాట

మా అత్త నోట్లోంచి ఏడు పళ్లు పీకారు. ముందరివి, పైన నాలుగు, కింద మూడు. పీకింది మోటారు డబ్బా దగ్గర తీగలు కత్తిరించే కటింగ్ ప్లేరుతో. చివరిది విరిగి సగం చిగుళ్లలోనే ఉండిపోయింది. ఆ సగం పన్నును ఆమె చనిపోయేదాకా నాలుకతో తడుముకుంటూనే ఉండేది.

అప్పుడు నా చేతులు రెండూ వెనక్కి విరిచి పట్టుకున్నారు. కళ్లు మాత్రం ఎవరూ మూయలేదు. నేనూ మూసుకోలేదు. ఆ పళ్లు ఊడడానికి కారణం ఒక మాట. ఆ మాట అన్నది నేను. నామీద జాలి పుట్టేటట్టు ఈ సంగతి చెప్పుకోవడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. ఇక్కడ అలా చెప్పను.

మాది నాగర్‌కర్నూల్ దాటి మన్ననూరు అడవి తోవలో ఉండే మెట్ట ఊరు. మా వైపు బతకడానికి ఊరు విడిచి పోవడాన్ని దేశం పోవడం అంటారు. బొంబాయి పోయినా దేశమే, కృష్ణ దాటి గద్వాల వైపు పోయినా దేశమే. రెండు వేల సంవత్సరం దాటాక వరసగా వానలు మొహం చాటేసినప్పుడు మా బోరు ఎండింది. మొదట చేను పడావు పడింది. తర్వాత గడ్డి లేక పశువులు పడుకున్న చోటి నుంచి లేవలేకపోయాయి. నాలుగు ఆవులను అంగడికి తోలాల్సి వచ్చింది.

తాళ్లు పట్టుకుని ఊరి బయటిదాకా నడిచింది అత్తే. లారీ ఎక్కించేటప్పుడు కర్రావు మొండికేసి కూలబడింది. తోక మెలిపెట్టారు. లేవలేదు. కంట్లో కారం కొట్టారు. అది గుడ్డిగా ఎగిరి లారీ చెక్కకు తల కొట్టుకుని, కొమ్ము విరిగి, నెత్తురుతో పైకెక్కింది. అత్త తాళ్లు చుట్ట చుట్టి భుజాన వేసుకుని ఇంటికి వచ్చింది. ఆ రోజు సాయంత్రం పొద్దుమూకగానే కొట్టం ముందర నిలబడి, ఎప్పటిలాగే పిలిచింది.

"కర్రీ, దా. బొల్లీ, దా. పుల్లీ, దా. చుక్కా, దా దా."

నా భర్త తల గోడకు ఆనించి కూర్చున్నాడు. "అవ్వా, అవి లేవు" అని తల్లితో అన్నాడు.

"లేవని నాకు తెల్వదారా? కసాయి కోతకు పోయినై. తోవ తెల్వక తిరుగుతుంటయి. పొద్దుమూకితే ఎవరన్న పిలువాలె గద."

అప్పటి నుంచి రోజూ పిలిచేది. గట్టిగా కాదు. పెదవులు కదిలేంత, పక్కన ఉన్నవాళ్లకు గొణుగుడులాగా వినపడేంత.

పిల్లలిద్దరినీ మా అమ్మ దగ్గర వదిలి ముగ్గురం బస్సెక్కాం. వనపర్తిలో దిగి ఇంకో బస్సు. బీచుపల్లి వంతెన మీదికి రాగానే అత్త కళ్లు మూసుకుంది. వంతెన దాటాక తెరిచి, "ఇగ దేశమొచ్చె" అన్నది.

గద్వాలకు అవతల ఒక ఊళ్లో విత్తనాల పత్తి వేసిన ఆసామి దగ్గర పని. చేనులో ఆడ చెట్లు వేరు, మగ చెట్లు వేరు. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ రోజు సాయంత్రమే గుర్తుపట్టి, బొటనవేలి గోరుతో చీల్చి, రేకులూ లోపలి పుప్పొడీ వలిచేయాలి. నడిమి కాడ ఒక్కటే నిలబడాలి. గుర్తుకు దాని మీద ఎర్ర కాగితం ముక్క తొడగాలి. పొద్దున్నే మగ పూలు కోసుకొచ్చి ఆ కాడకు రుద్దాలి. దీన్ని క్రాసింగ్ అంటారు. పది రోజులకు నా గోరు నల్లబడింది. ఇరవై రోజులకు గోటి కింద చీము పట్టింది. చీముతోనే వలిచాను. ఒక్క మొగ్గ తప్పి దానంతట అది పూస్తే విత్తనం కల్తీ అవుతుందని, అలా పూసిన పువ్వు ఎవరి సాలులో కనపడితే వాళ్ల పిక్క మీద దెబ్బ పడేది.

ఆ దెబ్బ వేసేది ఆసామి తమ్ముడు. చిన్నాసామి అనేవాళ్లం. చేతిలో ఎప్పుడూ ఒక పత్తి కట్టె. పేరు పెట్టి పిలిచేవాడు కాదు. మేము తూర్పు నుంచి వచ్చినవాళ్లం కనుక మాకు తూర్పోళ్లని పేరు. "ఏయ్ తూర్పుదానా, కండ్లు అంగట్ల అమ్ముకొస్తివా?" అనేవాడు. నిజంగా అంగట్లో అమ్ముకొచ్చినవి వేరే ఉన్నాయని ఆయనకు తెలియదు.

మాకు చేని గట్టున, మోటారు పక్కన గుడిసె ఇచ్చారు. తలుపు లేదు, గోనెపట్టా వేలాడదీశాం. అత్త తన తలగడ పక్కన రోకలి పెట్టుకుని పడుకునేది. నా భర్త కొడవలి చూరులో దోపేవాడు. ఊరివాళ్లు మమ్మల్ని ఏమీ అనలేదు. అనకపోవడమే భయంగా ఉండేది. మధ్యాహ్నం తుమ్మచెట్టు నీడలో ఆడవాళ్లందరూ గుండ్రంగా కూర్చుని సద్ది తినేవాళ్లు. నేనూ అత్తా కొంచెం ఎడంగా, ఎండ తగిలే చోట తినేవాళ్లం. అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పలేదు. ఇక్కడికి రమ్మని కూడా ఎవరూ చెప్పలేదు.

నా పక్క సాలులో చేసే ఒకావిడ మాత్రం మాట్లాడేది. నాకంటే పెద్దది, అక్కా అనేదాన్ని. మొగ్గను చీల్చేటప్పుడు కాడ తెగకుండా గోరు ఎలా పెట్టాలో ఆమే చూపించింది. కన్నడం కలిపి మాట్లాడేది. "బ్యాడ చెల్లె, గట్ల లాగబ్యాడ, కాడ తెగుతది" అనేది. బ్యాడ అంటే వద్దని నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఒక రోజు తుమ్మచెట్టు కింద నుంచి చెయ్యి ఊపి, "బా చెల్లె, బా, కూకో" అని పిలిచింది. బా అంటే రా అని చెప్పకుండానే తెలిసింది. లేచి వెళ్లాను. అత్త రాలేదు. "నువ్వు పో. నాకీడ మంచిగనే ఉన్నది" అన్నది.

ఆ రోజే ఆ మాట అన్నాను.

పొద్దున్నే చిన్నాసామి ఇద్దరు ఆడవాళ్ల కాళ్లు కందిపోయేలా కొట్టాడు. అందరూ ఆయన్ను తిట్టుకుంటూ తింటున్నారు. నేను కొత్తగా వచ్చి కూర్చున్నాను కనుక నన్ను కూడా మాటల్లోకి లాగాలని ఒకామె అడిగింది.

"మీ అత్త ఏందే, పొద్దుమూకంగనే గట్టు మీద నిలబడి ఏందో గొణుగుతది?"

అమ్ముకున్న ఆవులను పిలుస్తుందని చెప్పి ఉండొచ్చు. నోటిదాకా వచ్చింది. కానీ వాళ్లందరికీ ఇళ్ల ముందు ఎడ్లున్నాయి. మా కొట్టం ఖాళీ అయిన సంగతి, కర్రావు కొమ్ము విరిగిన సంగతి వాళ్ల ముందు పెట్టబుద్ధి కాలేదు. నవ్వించాలనిపించింది.

"మంత్రం సదువుతది" అన్నాను. "గా చిన్నాసామి నోరు కట్టాలని. ఇంకొక పక్షం ఆగుండ్రి. ఆయన నోరు ఈడికి వస్తది సూడుండ్రి." నా దవడను చేత్తో పట్టుకుని చెవిదాకా గుంజి చూపించాను.

ఒకామెకు నవ్వి నవ్వి అన్నం ముక్కులోకి ఎక్కింది. "మా ఆయన నోరు గూడ కట్టమనే, తాగొచ్చి ఒకటే ఒర్లుతడు" అని ఇంకొకామె. "నోరెందుకు, చెయ్యి కట్టమను" అని ఇంకొకామె. అక్క నా వీపు మీద చరిచి, "బలేదానివే తూర్పుదానా" అన్నది. అదే తూర్పుదానా. కానీ ఆమె నోట్లో అది తిట్టు కాదు. ఆ రోజు నుంచి తుమ్మచెట్టు నీడలో నాకు చోటు ఉండేది. నేను ఆలస్యంగా వస్తే జరిగి చోటిచ్చేవాళ్లు. ఎవరో ఒకరు రొట్టె మీద మిరపకాయ తొక్కు పెట్టేవాళ్లు. గుడిసెలో కూడా నాకు నిద్ర పట్టసాగింది. కొడవలి చూరులో ఉందో లేదో చూసుకోవడం మానేశాను.

ఎండలో కూర్చుని తింటున్న అత్త వైపు నేను చూసేదాన్ని కాదు.

పదిహేను రోజులు గడిచాయో ఇరవై గడిచాయో. అత్త సాలులో రెండు మొగ్గలు విడిచిపెట్టినట్టు బయటపడింది. ఆమెకు సాయంత్రం వెలుతురులో కళ్లు సరిగ్గా ఆనేవి కావు. చిన్నాసామి ఆమెను చెట్ల మధ్య నుంచి జుట్టు పట్టి బయటికి లాగి పిక్కల మీద కొట్టాడు. నాలుగు దెబ్బలు. ఆమె అరవలేదు. ఆయన వైపు తలెత్తి చూసింది. అంతే. ఆ చూపును చేనంతా చూసింది.

ఆ మధ్యాహ్నమే ఆయన గట్టు మీద నిలబడి ఎవరినో తిడుతూ తిడుతూ ఆగిపోయాడు. చేతిలో కట్టె జారిపోయింది. వంగి తీసుకోబోయి బోర్లా పడ్డాడు. పరుగెత్తి వెల్లకిలా తిప్పితే నోరు ఒక పక్కకు జారి ఉంది. చెవిదాకా. నేను చూపించినట్టే.

నా చుట్టూ ఉన్న ఆడవాళ్లలో ఎవరూ ఆయన వైపు చూడడం లేదు. నా వైపు చూస్తున్నారు.

గద్వాల దవాఖానకు తీసుకుపోయారు, అక్కడి నుంచి కర్నూలుకు. పక్షవాతం అన్నారట. ప్రాణం దక్కింది, మాట పడిపోయింది. తోవలోనే ఎవరో వైద్యం తెలిసినాయనకు చూపిస్తే నోరు కట్టారని చెప్పాడట. ఇవన్నీ మాకు ఎవరూ చెప్పలేదు. మేము వస్తుంటే ఆగిపోయే మాటల్లోంచి ఏరుకున్నాం. తుమ్మచెట్టు కింద నా చోటు పోయింది. నేను వెళ్తే అందరూ లేచారు. అక్క కూడా లేచింది. నేను ఆమె చీర కొంగు పట్టుకుని, "అక్కా, నేను పరాసికానికి అన్న" అన్నాను. ఆమె కొంగు గుంజుకుంది.

గుడిసెకు వచ్చి నా భర్తతో, "పోదాం. ఇయ్యాలనే పోదాం" అన్నాను.

"ఎందుకు పోవాలె? ఇప్పుడు పోతే మనమే చేసినట్టయితది. మనం ఏం జేసినం?"

నేనేం చేశానో అప్పుడు చెప్పి ఉంటే ఆయన నన్ను కొట్టేవాడు. కొట్టి, మూట కట్టేవాడు. మేము వంతెన దాటేవాళ్లం. నేను దెబ్బలకు భయపడి చెప్పలేదు. నా దెబ్బలు నేను తప్పించుకున్నాను. అవి ఎటు పోయాయో తర్వాత చూశాను.

నాలుగో రోజు సాయంత్రం పొద్దు ఇంకా పూర్తిగా మునగలేదు. అత్త గట్టు మీదికి వెళ్లింది. "వద్దత్తా, ఇయ్యాల పిలువకు" అన్నాను.

"ఎందుకు?"

వినపడనట్టు గుడిసె వైపు తిరిగాను. ఆమె తూర్పుకు తిరిగి మొదలుపెట్టింది. కర్రీ, దా. బొల్లీ, దా. మూడో పేరు దాకా రాకముందే పత్తి సాళ్ల లోపలి నుంచి మనుషులు లేచారు. వినడానికే అక్కడ కూర్చున్నారు. ముప్పై మంది ఉంటారు. వెనక ఆడవాళ్లు.

నా భర్త కొడవలి కోసం చూరు మీద చెయ్యి వేసేలోపు ముగ్గురు ఆయన మీద పడ్డారు. మోటారు స్తంభానికి పగ్గంతో కట్టారు. చెర్నకోలతో కొట్టారు. మొదటి దెబ్బకు ఆయన తిట్టాడు. పది దెబ్బలకు కొట్టొద్దని అడిగాడు. తర్వాత తల వేలాడేశాడు. నన్ను ఇద్దరు పట్టుకున్నారు. అత్తను జుట్టు పట్టి గట్టు మీది నుంచి గుడిసె ముందుకు ఈడ్చారు. ఆమె కడుపు కింద పత్తి మొక్కలు నలిగాయి. విత్తనాల చెట్లు విరుగుతున్నాయని ఆసామి కేక వేశాడు. "పక్కకెంచి గుంజుండ్రి" అన్నాడు. అది నాకు బాగా గుర్తు.

"ఏం సదువుతున్నవే?" ఆసామి అడిగాడు.

"సదువుడేంది సామీ. ఆవులను పిలుస్తున్న."

"ఏడున్నయి ఆవులు?"

"లేవు. అంగడికి తోలినం."

"లేని ఆవులను పిలుస్తవా?"

"లేవు గనుకనే పిలుస్తున్న. ఉంటే అవే వస్తయి గద."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు అయిపోకముందే ఆమె చెంప మీద చెప్పు పడింది.

"నీ కోడలే చెప్పింది, నోరు కట్టే మంత్రమని. ఇరవై మంది ఇన్నరు. ఏమే, చెప్పవేమే?" అని ఆసామి ఆడవాళ్ల వైపు తిరిగాడు. అక్కను ముందుకు తోశారు. ఆమె నేల చూపులు చూస్తూ, తన దవడను చేత్తో పట్టుకుని చెవిదాకా గుంజి చూపించింది. "గిట్లయితదని అన్నది" అన్నది.

అత్త నా వైపు తిరిగింది. పిక్కల మీద చిన్నాసామి దెబ్బలు తిన్నప్పుడు చూసిన చూపు కాదు. లెక్క సరిచూసుకుంటున్న చూపు. తుమ్మచెట్టు కింద నాకు చోటు ఎలా దొరికిందో ఆమెకు అప్పుడు తెలిసింది.

"కోడలికి గూడ నేర్పే ఉంటది. దాని పండ్లు గూడ తీయుండ్రి" అన్నారెవరో. పళ్లు లేకపోతే మంత్రం పలకదని వాళ్ల నమ్మకం. ముందు నా దగ్గరికే వచ్చారు. దవడలు నొక్కి నోరు తెరిపించారు. ప్లేరు నా పళ్లకు తగిలి టక్కుమంది. ఇనుము, గ్రీజు కలిసిన రుచి. ఆ పట్టుకున్న చేతిని కొరికాను. తోలు తెగి నా నోట్లోకి ఉప్పగా వచ్చింది. వాడు అరిచి నా కడుపులో తన్నాడు. మళ్లీ దవడలు నొక్కారు.

"దానికేమొస్తది?" అత్త గొంతు పెద్దగా వినపడింది. ఆమె అంత పెద్దగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "అది తిక్కది. ఉప్పెంత కారమెంత తెల్వది. దానికి మంత్రమొస్తదా? నాకొస్తది. ఆయన కొట్టిండని నేనే కట్టిన."

నా దవడల మీది చేతులు వదిలాయి.

తర్వాత ఏడు పళ్లు.

ఒక్కో పన్నుకు తల ఒక్కో వైపు ఊగింది. ఇద్దరు ఆమె చేతుల మీద కూర్చున్నారు, ఒకడు ఛాతీ మీద. చిగుళ్లు చిరిగిన చప్పుడు గుడ్డ చింపినట్టే ఉంటుంది. ఆడవాళ్లలోంచి "బ్యాడ... బ్యాడ..." అని ఒక గొంతు వినపడింది. చాలా చిన్నగా. మా అత్త ఆవులను పిలిచినంత చిన్నగా. అది అక్కదే. ఆ మాట ఆమె గట్టిగా అని ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. నేను ఆమెను తప్పుపట్టలేను. గట్టిగా అనాల్సిన రోజు నేనూ అనలేదు.

అయిపోయాక ఆమెను కూర్చోబెట్టి, "ఇప్పుడు సదువు" అన్నారు. అత్త నోరు తెరిచింది. నెత్తురు గదవ మీదుగా చీరలోకి కారుతోంది. దా అనబోయింది. హా అని గాలి వచ్చింది. మళ్లీ అనబోయింది. హా. "కట్టు విడిసింది" అని ఆసామి చేతులు కడుక్కోవడానికి మోటారు దగ్గరికి వెళ్లాడు. చిన్నాసామికి మాట రాలేదని తర్వాత విన్నాను.

మరునాడు మమ్మల్ని ఒక ఠాణా ముందర చెట్టు కింద కూర్చోబెట్టారు. ఫిర్యాదు రాస్తారనుకున్నాం. ఆసామి వైపు పెద్దమనుషులే కాగితం మీద ఏదో రాసుకొచ్చారు. జమాదారు నిలబడి చూశాడు. "రాజీ కాయిదం. ఏలి ముద్రలెయ్యుండ్రి, పోండ్రి" అన్నారు. నా భర్త వేశాడు. నేను వేశాను. అత్త బొటనవేలి గీతల్లో నెత్తురు ఎండి పూడుకుపోయింది. కడుక్కుని రమ్మన్నారు. కడుక్కుని వచ్చి వేసింది. అలాంటిదే ఇంకో కాగితం మీద కూడా ముద్రలు వేయించి, మడిచి నా చేతిలో పెట్టారు. దాన్ని జాకెట్లో దోపుకున్నాను.

వనపర్తి బస్టాండులో అత్త నోటికి కట్టిన గుడ్డ చూసి పక్కనున్నవాళ్లు లేచి అవతలికి పోయారు. ఇంటికి చేరామన్న ధైర్యం కూడా ఒక్క రోజు నిలవలేదు. సంగతి మా కంటే ముందే ఊరు చేరింది. చేతిపంపు దగ్గర అత్త బిందె పెడితే మిగతా బిందెలు జరిగేవి. ఆమెతో పెళ్లిపేరంటాలకు తిరిగినవాళ్లే చంటిపిల్లల ముఖాలకు కొంగు కప్పేవాళ్లు. "ఒప్పుకున్నదట గద" అనేవాళ్లు. కొత్త దేశంలో మమ్మల్ని తూర్పోళ్లన్నారు. సొంత ఊళ్లో దానికీ నోచుకోలేదు.

నా భర్త నన్ను కొట్టడం మొదలుపెట్టాడు. స్తంభానికి కట్టినప్పటి దెబ్బలన్నీ నాకు ఇచ్చాడు. "ఏం గూశినవే ఆడ? నవ్వుకోనీకి మా అవ్వనే దొరికిందా?" ప్రతి దెబ్బకూ అదే ప్రశ్న. దెబ్బలకు అడ్డం పెట్టుకోవడానికి చేతులు కూడా ఎత్తేదాన్ని కాదు. ఒక రోజు అత్త లేచి వచ్చి, ఎత్తిన ఆయన చెయ్యిని పట్టుకుని కొరికింది. పళ్లు లేని చిగుళ్లతో, సగం విరిగిన పన్నుతో. ఆయన చెయ్యి మీద ఎంగిలి తప్ప గుర్తు కూడా పడలేదు. ఆయన ఆ చేతినే చూస్తూ గడపలో కూలబడి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. కొట్టడం ఆ రోజుతో మానలేదు. తగ్గింది.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఒక సంవత్సరం పైగా పొద్దుమూకినప్పుడు కొట్టం వైపు వెళ్లలేదు. తర్వాత ఒక సాయంత్రం వెళ్లింది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. గొణుగుడు వినపడింది.

"కర్రీ, బా. బొల్లీ, బా."

అది తుమ్మచెట్టు కింద అక్క నన్ను పిలిచిన మాట. ఎండలో ఎడంగా కూర్చుని ఆమె విన్నది అదన్నమాట. ఆ ఊరి మాట ఈమెకు ఎందుకని నాకు ఒళ్లు మండింది.

పదేళ్లు దాటాక మా ఊరి బడి వరండాలో పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పారు. నాకప్పటికి నలభై దాటాయి. మనవరాలి పలక పట్టుకుని వెళ్లాను. నేర్పే అమ్మాయి ఒక రోజు త థ ద ధ న రాసి, "ఇవి పళ్ల అక్షరాలమ్మా. అని సూడుండ్రి, నాలుక పోయి పళ్లకు తగుల్తది" అన్నది. అందరూ త, ద అంటూ నవ్వుకున్నారు. నేనూ ద అన్నాను. నాలుక వెళ్లి నా పళ్లకు తగిలింది. నా పళ్లు నాకున్నాయి. తర్వాత ప ఫ బ భ మ రాసింది. "ఇవి పెదవులతోని. పళ్లు లేని ముసలోళ్లకు గూడ వస్తయి." అందరూ మళ్లీ నవ్వారు. నేను పలక అక్కడే వదిలి లేచి వచ్చేశాను. రెండు రోజులు వెళ్లలేదు.

మూడో రోజు వెళ్లాను. ఎందుకంటే బియ్యం డబ్బా అడుగున ఆ కాగితం ఉంది.

దాన్ని చదవడానికి వానాకాలమంతా పట్టింది. ఒత్తులు వచ్చిన చోట ఆగిపోయేదాన్ని. ఆ అమ్మాయిని అడగాలంటే భయం, కాగితం చూస్తుందని. ఒక్కో ఒత్తును వేరే కాగితం మీద దించుకుని అడిగేదాన్ని. అన్నీ కూడాక అందులో ఉన్నది ఇది. నేను బాణామతి చేసినట్లు నా ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నాను. నా పళ్లు నా ఇష్టపూర్వకంగా తీయించుకున్నాను. ఎవరి బలవంతమూ లేదు. ఇకమీదట ఆ ఊరి పొలిమేర తొక్కను. కింద మూడు వేలిముద్రలు. ఇష్టపూర్వకంగా అన్న మాట రెండుసార్లు ఉంది. నేను నా అంతట చదివిన మొదటి పెద్ద మాట అదే.

ఆ సాయంత్రం అత్తకు చదివి వినిపించాను. అప్పటికి ఆమె మంచం మీదనే ఎక్కువగా ఉండేది. వేలు పెట్టుకుని, ఆగి ఆగి, మొత్తం చదివాను. ఆమె ఏడవలేదు. నాలుకతో ఆ సగం పన్నును తడుముకుంటూ విన్నది. అయిపోయాక ఒక్కటే అడిగింది. ద, త, న లేకుండా ఆమె మాట్లాడేది మాకు మాత్రమే అర్థమయ్యేది. ఆమె అన్నది ఇక్కడ సరిచేసి రాస్తున్నాను.

"అండ్ల నీ మాట ఉన్నదా?"

"ఏ మాట అత్తా?"

"నువ్వు చెట్టు కింద అన్నది."

మళ్లీ మొదటి నుంచి చివరిదాకా చూశాను. "లేదత్తా."

"మంచిగ సూడు."

"లేదు."

"అయితే మంచిగనే రాసిండ్రు తియ్" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆమె పోయి చాలా కాలమైంది. ఆ కాగితంలో ఆ మాట లేదు. దాన్ని తప్పించడానికి ఆమె ఏడు పళ్లిచ్చింది. నాకు ఇప్పుడు రాయడం వచ్చు. చిన్నాసామి నోరు కట్టాలని మా అత్త మంత్రం చదువుతుందని అన్నది నేను. నవ్వించడానికి అన్నాను. అందరి పక్కన నీడలో కూర్చోవడానికి అన్నాను. ఆమె పిలిచింది ఆవులను.